పదకొండు రాత్రుల పద్దు

ఇది పెద్ద దీపస్తంభమేమీ కాదు.
చేపల ఓడ పక్కన నిలబడితే
దాని తెరచాప కొయ్య కన్నా రెండు మూరలు పొట్టి.
తారు పూసిన పలకలు, లోపల పందొమ్మిది మెట్లు.
పదమూడోది ఎప్పుడూ వదులే.

కదక రేవులో పద్నాలుగు పడవలున్న రోజుల్లో
మా ముత్తాత ఆదు వాళ్లమ్మ
కిటికీలో లాంతరు పెట్టేదట.
ఒక అక్టోబరులో ఆమె జ్వరంతో పడుకుంది.
లాంతరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.
మర్నాటికి రేవులో పన్నెండు పడవలు.

ఊరు చందా వేసుకుంది,
ఇంటికి మూడు పీపాల ఉప్పుచేప.
దివాలా తీసిన జర్మన్ ఓడ నుంచి
అంచు విరిగిన అద్దం చవగ్గా వచ్చింది.
ఆ విరుపు వల్ల మా దీపానికి
వాయవ్యాన మెల్లకన్ను.
ఆ మెల్ల చూసే మావాళ్లు
చుక్కాని వదిలి చుట్ట వెలిగించుకునేవారు,
ఇల్లొచ్చేసిందని.

జార్ చక్రవర్తి మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు.
ఊరి పేరు తప్పు రాసుకుని వెళ్లాడు.
జెండాలు మారాయి. వత్తి కత్తిరించే చెయ్యి మారలేదు,
ఆదు కళ్లు మసకేసేదాకా.

తర్వాత మా అమ్మమ్మ హిల్యా.
ఆడమనిషికి సగం జీతం అన్నారు.
సగం రాత్రే వెలిగించనా, అని అడిగింది.
ముప్పావు ఇచ్చారు.

ఆమె పద్దు పుస్తకం నా దగ్గరుంది.
"ఫిబ్రవరి ఆరు. సముద్రం గడ్డకట్టింది.
టపా బండి గుర్రం దారి తప్పి దీపం కింద నిలబడింది. రొట్టె పెట్టాను."
"మే రెండు. అద్దానికి కొట్టుకుని పిట్టలు చచ్చాయి. నలభై ఒకటి.
ఏ గడిలో రాయాలో తెలియలేదు."

తర్వాత నలభై నాలుగు, సెప్టెంబరు.
ఒక సైన్యం పోతోంది, ఇంకో సైన్యం వస్తోంది.
పోయేవాళ్లు తమ ఓడల కోసం
దీపం ఆరకూడదని కాగితం పంపారు.
అప్పటికే రాత్రిళ్లు
పడవలు నీళ్లలోకి కుంగుతున్నాయి, చేపలతో కాదు.
కుట్టుమిషను. బైబిలు. చంకన పిల్లలు.
గోనెసంచిలో కుక్కపిల్లను దాచిన ఒక ముసలాయన,
అది అరవకుండా నోట్లో వేలు పెట్టి.
అందరూ స్వీడన్ వైపు.
దీపం వెలిగితే
కనిపించేది వాళ్ల వీపులు.

ఆ రాత్రి దీపం కొండెక్కింది,
కొండే లేని దీవిలో.

పదకొండు రాత్రులకూ పద్దులో ఒకటే మాట.
నూనె లేదు.
నూనె లేదు.
ఉంది. బంగాళాదుంపల గుట్ట కింద రెండు డబ్బాలు.
మా అమ్మ ఆ గుట్ట మీద కూర్చునే
బూట్ల తాడు ముడెయ్యడం నేర్చుకుంది.

అమ్మమ్మ తమ్ముడు ప్రీదు ఎక్కింది ఆఖరి పడవ.
అది చేరిందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు.
పన్నెండో రాత్రి ఆమె దీపం వెలిగించింది,
ఎవరైనా వెనక్కి వస్తారేమోనని.

ఆ తర్వాత సముద్రానికి తాళం పడింది.
పడవలను గొలుసులతో కట్టేశారు.
సాయంత్రం కాగానే సైనికులు దంతెలతో ఇసుక దువ్వేవారు,
పొద్దున పాదముద్రలు వెతుక్కోవడానికి.
కొత్త దీపమొకటి, చాలా పెద్దది,
రాత్రంతా తిరుగుతూ ఉండేది.
అది ఎవర్నీ పిలిచేది కాదు.
చేపల ఊరి పిల్ల మా అమ్మ,
నలభై ఏళ్లు దాటాక ఇసుక మీద నడిచింది.
నడిచి, వెనక్కి తిరిగి,
అడుగులు చెరిపేసుకుంది, అలవాటుగా.

ఇప్పుడు పైన పలకంత సౌరఫలకం, ఉల్లిపాయంత బల్బు.
నెలకోసారి నీటికాకుల రెట్ట కడగడం నా ఉద్యోగం.
ఎన్ని ప్రాణాలు కాపాడింది, అని యాత్రికులు అడుగుతారు.
పదమూడో మెట్టు జాగ్రత్త, అంటాను.

కొత్త బల్బుకు మెల్ల లేదు.
ఇది మన దీపం కాదు పొమ్మన్నాడు
తొంభై ఏళ్ల జాలరి ఒకాయన.
అద్దానికి వాయవ్యాన నల్ల టేపు ముక్క అంటించాను.
అటువైపు వెలుగు ఎందుకు తగ్గిందని
తనిఖీ కాగితంలో అడిగారు.
నీటికాకులు, అని రాశాను.